కంచం పొత్తు

పొత్తులు రెండు రకాలని మా ఊళ్ళో పెద్దవాళ్ళు అంటారు. కంచం పొత్తు, మంచం పొత్తు. ఒకే బంతిలో కూర్చుని తినగలిగినవాళ్ళ మధ్య ఉండేది మొదటిది. పిల్లనిచ్చి పుచ్చుకోగలిగినవాళ్ళ మధ్య ఉండేది రెండోది. "ఆళ్ళకీ మనకీ కంచం పొత్తే గానీ మంచం పొత్తు లేదు" అని ఎవరైనా అంటే, ఆ ఒక్క ముక్కలో రెండు కులాల మధ్య దూరం టేపు పెట్టి కొలిచేసినట్టే. ఇవాళ పొత్తు అనగానే ఎన్నికల ముందు పార్టీలు గుర్తొస్తాయి గానీ, ఆ మాట అన్నం దగ్గర కూడా చాలాకాలం మసిలింది. ఒకే కంచంలో తినడాన్ని పొత్తున తినడం అనేవాళ్ళు. (ఆఫీసుల్లో పెట్టుకునే పాట్‌లక్‌కీ దీనికీ శబ్దం కలిసింది గానీ చుట్టరికం లేదు. ఉంటే బాగుండేది.)

ఈ మాట ఈ మధ్య నన్ను వదలకపోవడానికి కారణం మా ఆఫీసు లంచ్ టేబుల్. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్ళకి ఇది తెలిసిన దృశ్యమే. ఒంటిగంటకి ఏడెనిమిది మందిమి చేరతాం. డబ్బాలు తెరిచి టేబుల్ మధ్యలోకి తోస్తాం. గోంగూర పప్పు, గుత్తివంకాయ, ఎవరి భార్యో పొద్దున్నే లేచి చేసిన పులిహోర, ఎవరో బద్ధకించి తెచ్చుకున్న పెరుగన్నం. ఎవరి చెంచా ఎవరి డబ్బాలోకైనా వెళ్తుంది. నేను ఆవ పెట్టిన పనసపొట్టు కూర తెచ్చిన రోజు అది మొదటి అయిదు నిమిషాల్లోనే ఖాళీ. కూరల్లో బెల్లం వేస్తారని మా ఉత్తరాంధ్ర వాళ్ళని ఎగతాళి చేసే గుంటూరు మిత్రుడే అడుగున మిగిలింది కూడా గీక్కుంటాడు. రోజు మొత్తంలో మేం మనుషుల్లా ఉండేది ఆ నలభై నిమిషాలే అనిపిస్తుంది నాకు.

ఆ టేబుల్ చివర ఒకతను కూర్చుంటాడు. మా జిల్లావాడే, సముద్రం ఒడ్డు ఊరు. పరీక్ష హాల్లో పక్కవాడికి పేపరు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంటారే, అలా డబ్బా మూత నిలబెట్టుకుని తింటాడు. అందులో వారానికి రెండు మూడు సార్లు ఎండు నెత్తళ్ళో, ఉప్పుచేప ఇగురో ఉంటుంది. ఆ మధ్య, ఘాటైన వాసన వచ్చే పదార్థాలు మైక్రోవేవ్‌లో వేడి చేయవద్దని మా అందరికీ ఒక మెయిల్ వచ్చింది. అందులో ఏ పదార్థమో లేదు, ఎవరో లేదు. టీములో అందరికీ అర్థమైంది. అప్పటినుంచి అతను కూర చల్లగానే తింటున్నాడు. పుట్టినరోజుకి అతను కేకు తెస్తే అందరం తిన్నాం. పలాస జీడిపప్పు తెచ్చి పెడితే గుప్పిళ్ళతో తీసుకున్నారు. ఆ డబ్బాలో కూర మాత్రం ఎవరూ అడగరు. నేను అడుగుతాను. అందులో గొప్పేమీ లేదు, నాకు నెత్తళ్ళంటే ప్రాణం.

ఒకరోజు ఈ మాట ఎత్తితే ఒక మిత్రుడు అన్నాడు: "నాకు ఆ వాసన పడదు, అంతే. ఇందులో కులం ఎందుకు వెతుకుతావ్?" అతను అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు. వాసన పడకపోవడం నిజమే. మన నాలుక మీద ఇంకొకరికి హక్కేముంది? ఇష్టంలేనిది తిననివాణ్ణి తప్పుపట్టడం ఏం న్యాయం? నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఇదే. ఇంగువ పోపు వాసన కూడా గది దాటి వస్తుంది, దాని మీద ఎవరూ మెయిల్ పెట్టరు అని నేను అనొచ్చు. అన్నాను కూడా. కానీ అది వాదనలో గెలవడానికి పనికొస్తుంది తప్ప ప్రశ్నకి జవాబు కాదు. కలిసి తినడంలో మనం ఒకరికొకరం ఏం బాకీ పడతాం? పెట్టడమా, తినడమా?

పెట్టడం గురించి మన దగ్గర కావలసినంత ఉంది. అన్నదానాన్ని మించిన దానం లేదని చిన్నప్పటి నుంచీ వింటాం. గోదావరి లంకల్లో వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా వండి పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు 2024లో మన బడి భోజన పథకానికి పెట్టారు. ఆవిడ గొప్పతనం గురించి నాకే సందేహమూ లేదు. కానీ మా మామ్మని చూస్తూ పెరిగినవాణ్ణి గనక, పెట్టడం మాత్రమే సరిపోదని నాకు చాలా చిన్నప్పుడే తెలిసింది.

మా ఊరు నాగావళి ఒడ్డున. పెద్ద భూస్వాములం కాదు గానీ, కోతలకి మనుషుల్ని పెట్టుకునేంత పొలం ఉండేది. మా మామ్మ పెట్టే చెయ్యి. పొద్దున్నే చోడంబలి కుండ, మధ్యాహ్నం పెద్ద డేగిశాతో అన్నం, గుమ్మడికాయ పులుసు. "ఓలమ్మ, తినకుండా ఎల్తావేటి" అని వీధిలో పోయేదాన్ని కూడా పిలిచి పెట్టేది. ఎవరైనా కొంచెమే తింటే నిజంగా బాధపడేది. కరువు రోజుల్లో మా ఇంట్లో తిని బతికామని చెప్పేవాళ్ళు ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. అదే మామ్మ, ఊరికి ఆ చివరున్న ఇళ్ళలో గుక్కెడు నీళ్ళు కూడా ముట్టలేదు. వాళ్ళ పెరట్లో కాసిన పనసపండు ఇస్తే ఆనందంగా పుచ్చుకునేది. వాళ్ళు పట్టిన బతికున్న చేపలూ పుచ్చుకునేది. పచ్చిదైతే ఫర్వాలేదు, నిప్పు తగిలితేనే అంటు. ఓ సంక్రాంతికి మా పొలంలో చేసే ఒకామె అరిసెలు వండి, ఉతికిన గుడ్డలో మూటకట్టి తెచ్చింది. మామ్మ రెండు చేతులా అందుకుంది. "చల్లగా ఉండమ్మా" అంది. ఆమె వీధి మలుపు తిరిగాక మూట తీసుకెళ్ళి కుడితి గోళెంలో వేసింది. గేదెలకి ఆ ఏడు పండగ బాగా జరిగింది.

మామ్మకి ఆమె అంటే ద్వేషం లేదు. ఆమె పురిటికి దగ్గరుండి అన్నీ చూసింది మామ్మే. అందుకే నాకు ఇది ఇంత చిక్కుగా కనపడుతుంది. ద్వేషం ఉంటే తేలిగ్గా తేల్చి పారెయ్యొచ్చు. ప్రేమ ఉంది, పెట్టే చెయ్యి ఉంది. ఆ చెయ్యి ఎప్పుడూ పైనే ఉంది, అంతే. పెట్టేవాళ్ళ చెయ్యి పైన, పుచ్చుకునేవాళ్ళ చెయ్యి కింద. ఒక్క పూటకైనా ఆ చేతులు తిరగబడాల్సి వస్తే మామ్మ ఒప్పుకోలేదు.

ఒకచోట మాత్రం ఒప్పుకుంది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో రైలెక్కితే పూరీ మాకు తిరుపతి కంటే దగ్గర. మామ్మ తన జీవితంలో మూడుసార్లు వెళ్ళింది. జగన్నాథుడి గుడి ప్రాకారం లోపల ఆనంద బజారులో మహాప్రసాదం అమ్ముతారు. అక్కడ ఎవరు ఎవరి చేతిదైనా తినొచ్చు, ఎవరి పక్కనైనా కూర్చోవచ్చు, మహాప్రసాదానికి ఎంగిలి లేదు. మామ్మ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కుండలోంచి తీసి ఇచ్చిన అన్నం తిని, చెయ్యి తలకి రాసుకుని వచ్చింది. ఎండబెట్టిన ఆ మెతుకులు చిన్న ఎర్రగుడ్డ సంచిలో తెచ్చి దేవుడి గూట్లో పెట్టుకుంది. రైలు దిగగానే మళ్ళీ మామూలే. దేవుడు పూచీ పడితే అంటు ఆగింది, పూచీ లేనిచోట మొదలైంది. అంటే ఆ నియమం ఆమె ఒంట్లోది కాదు, వాసన లాంటిది కాదు. వెయ్యమంటే వెయ్యగల, తియ్యమంటే తియ్యగల స్విచ్చే. మా మిత్రుడి ముక్కు సంగతి ఆలోచించినప్పుడు నాకు పూరీ గుర్తొస్తుంది.

పల్నాటి చాపకూడు కూడా ఈ వరసలోదే. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని చెప్పుకుంటాం. కారంపూడిలో ఏటా పల్నాటి వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు జరుగుతుంది. గొప్ప సంగతే. కానీ ఏడాదికోసారి జరిగే ఏ సమానత్వమైనా నాకు కొంచెం అనుమానమే. ఆ రోజు చాప మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరూ మర్నాడు ఒకరి వంటింట్లోకి ఒకరు వెళ్తారా?

అంబేద్కర్ ఈ అనుమానాన్ని ఇంకా ముందుకి తీసుకెళ్ళాడు. లాహోరు సభవాళ్ళు రద్దు చేసేస్తే 1936లో తనే అచ్చు వేయించుకున్న ప్రసంగం 'కుల నిర్మూలన'లో, సహపంక్తి భోజనాలతో కులం పోదని ఆయన చెప్పేశాడు. కలిసి తినే కులాలు చాలానే ఉన్నాయి, తిన్నంత మాత్రాన వాటిలో కులభావం చావలేదు, కులాంతర వివాహమే అసలు మందు అన్నాడు. మా ఊరి భాషలో చెప్పాలంటే, కంచం పొత్తు ఎంత పెరిగినా మంచం పొత్తు దాకా రాకపోతే లాభం లేదు. ఆయన లెక్క తప్పని నేననుకోను. మా ఇంట్లో మంచం పొత్తు ప్రస్తావన వస్తే ఇప్పటికీ వంటింట్లో గిన్నెల చప్పుడు పెరుగుతుంది. అయితే కంచం దగ్గర తేలనిది మంచం దగ్గర ఎలా తేలుతుందన్నది నా సందేహం. అత్తారింట్లో ఆ పిల్ల చేతి వంట ఎవరు తింటారన్నదే కదా పెళ్ళయిన మర్నాటి నుంచీ గొడవ.

బడి పిల్లల భోజనం ఈ ఆలోచనకి సరిగ్గా నడిమధ్యలో ఉంది. 1920లో మద్రాసు కార్పొరేషన్‌కి అధ్యక్షుడుగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టి, తెలుగు దేవాంగ కుటుంబం వాడు, థౌజండ్ లైట్స్ బడిలో పిల్లాడికి రోజుకి అణా మించకుండా ఫలహారం పెట్టించే ఏర్పాటు చేశాడు. అప్పటికి మా శ్రీకాకుళం చికాకోల్ పేరుతో అదే మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉంది. బళ్ళలో వండిన అన్నం పెట్టి తీరాలని సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చింది 2001 నవంబరు 28న. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. నేనప్పటికే హైస్కూలుకి వచ్చేశాను, నాది ఇంటి క్యారేజీయే. మా చిన్నాన్న కొడుకు మాత్రం ఊరి బళ్ళో తిన్నాడు. కడుపు నింపడానికీ, హాజరు పెంచడానికీ పెట్టిన పథకం ఇది. దాని పక్కనే ఇంకో పని కూడా జరిగింది. ఎవరు వండారన్నది పిల్లల ముందుకొచ్చింది. దళిత మహిళ వండిందని తల్లిదండ్రులు పిల్లల్ని తిననివ్వని వార్తలు దేశంలో ఏదో ఒక మూల నుంచి ఇప్పటికీ వస్తుంటాయి. గమనిస్తే ఆ గొడవలన్నీ పక్కన ఎవరు కూర్చున్నారన్న దాని మీద కంటే గరిటె ఎవరి చేతిలో ఉందన్న దాని మీదే ఎక్కువ. బంతిలో కూర్చోవడం వరకూ జనం సర్దుకున్నారు. పథకానికి ఒక మహాదాత పేరు పెట్టుకున్నాం, మంచిదే. నెలకి మూడు వేల గౌరవ వేతనం మీద రోజూ ఆ పొయ్యి ముందు నిలబడే ఆవిడ పేరు అడిగే పిల్లలు ఎందరున్నారో.

హోటలు వచ్చి ఇదంతా చులాగ్గా తేల్చేసిందని ఒక వాదన ఉంది. డబ్బిచ్చాం, తిన్నాం, లోపల ఎవడు వండితే మనకేం? నిజమే, చాపకూడు చెయ్యలేని పని హోటలు చేసింది. ఊరికే రాలేదది. అన్నం అమ్ముకోవడం పాపమనుకున్న సమాజం మనది. అయినా 'క్రీడాభిరామం' రోజులకే ఓరుగల్లులో ఒక రూకకి కమ్మటి భోజనం పెట్టే పూటకూళ్ళ ఇల్లు ఉంది. 1892లో విజయనగరంలో ఆడిన 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ ఉంది. సంతలో సామాను కొనిపెడతానని ఆమె దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్ళిన గిరీశం అవి ఎక్కడ తగలేశాడో మనకి తెలుసు. ఆవిడ చీపురుకట్టతో వచ్చే సీనుకి తరాలుగా నవ్వుతున్నాం. అన్నం అమ్ముకుని బతికే విధవ చేతి అన్నం తిని, ఆవిణ్ణే మోసం చేసి, ఆవిణ్ణే నవ్వులాటగా చూడటం కుదిరింది. ఎందుకంటే డబ్బు మధ్యలోకి వస్తే వండినవాళ్ళకి మనం ఏమీ బాకీ లేమనిపిస్తుంది. గిరీశం ఆ డబ్బు కూడా ఎగ్గొట్టాడు, అది వేరే సంగతి.

ఆ తర్వాత కాఫీ హోటళ్ళు వచ్చాయి, బ్రాహ్మణ హోటలని బోర్డులూ వచ్చాయి. ఊరి టీ బడ్డీల్లో రెండు గ్లాసులు వచ్చాయి. 1955 చట్టం అంటరానితనం పాటించడాన్ని నేరమంది. అయినా రెండో గ్లాసుని చాలా ఊళ్ళలో మాయం చేసింది చట్టం కాదు, కాగితం కప్పు. ఎవరి ఎంగిలీ ఎవరికీ తగలదు, ఎవరూ ఎవరి గ్లాసూ కడగక్కర్లేదు, తాగి అవతల పారెయ్యడమే. సమస్య పరిష్కారం కాలేదు, ఎవరికీ ఎదురుపడాల్సిన అవసరం లేకుండా పోయింది. మా ప్రోగ్రామర్లు బగ్గుని సరిచెయ్యకుండా ఎర్రర్ మెసేజ్ కనపడకుండా చెయ్యడం లాంటిదిది. ఇప్పుడు శుక్రవారం రాత్రి ఎనిమిది మందిమి బిర్యానీకి వెళ్తాం, స్ప్లిట్‌వైజ్‌లో పైసలతో సహా పంచుకుంటాం, సోమవారానికి ఎవరికెవరూ బాకీ ఉండరు. ఆ సాయంత్రాలు నాకిష్టమే. నవ్వుకుంటాం, తింటాం. కానీ ఎనిమిది మంది పక్కపక్కన తినడానికీ కలిసి తినడానికీ తేడా ఉందని అక్కడే ఎక్కువ తెలుస్తుంది. అన్న క్యాంటీన్‌లో అయిదు రూపాయలు ఎందుకు తీసుకుంటారో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ అయిదుతో ఏం గిడుతుంది? అది ధర కాదు. పెట్టే చెయ్యి పైనా పుచ్చుకునే చెయ్యి కిందా ఉండకుండా మధ్యలో పెట్టిన చిన్న నాణెం. ఆ లైన్లో నిలబడ్డవాళ్ళకి అది చాలా పెద్ద విషయం, నేను దాన్ని తేలిక చెయ్యను. దాని పని మొహం దక్కించడం వరకే.

ఇంకొకరి చేతిది తినడమే పరీక్ష అనుకుంటే, ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. మా అపార్ట్‌మెంట్లో సగం ఇళ్ళలో వంటమనిషి ఉంది. ఆమె ఏ కులమో చాలామందికి తెలియదు, కొందరు మాత్రం అడిగి మరీ పెట్టుకుంటారు. ఆమె చేతిది రోజూ రెండు పూటలా తింటాం. ఆమె మాత్రం తన క్యారేజీ విప్పుకుని మెట్ల మీద కూర్చుని తింటుంది. మామ్మ అందరికీ పెట్టింది, అందరి చేతిదీ తినలేదు. మేం అందరి చేతిదీ తింటాం, వండినవాళ్ళతో తినం. మామ్మ కంటే మేం ముందుకెళ్ళామో, పక్కకి జరిగామో చెప్పలేను. మా ఇంట్లో ఆమె వండేది మా రుచి. మా అమ్మ ఫోన్లో చెప్పిన కొలతల ప్రకారం మాకోసం వండుతుంది. ఆమె క్యారేజీలో ఉన్నది ఆమె రుచి. మనం జీతం ఇచ్చి వండించుకున్నది కాదు, ఆమె తన పిల్లల కోసం వండుకుని, అందులోంచే తనకింత పెట్టుకొచ్చింది. మనం తినాల్సింది అందులోంచి.

డబ్బాకీ హోటలుకీ తేడా నాకు అక్కడ కనపడుతుంది. డబ్బాలో ఉన్నది ఎవరికోసమో వండింది కాదు. అది ఒక ఇంటి లోపలి సంగతి. దాన్ని టేబుల్ మధ్యలోకి తొయ్యడమంటే వంటింటి తలుపు కొంచెం తెరిచినట్టు. అందులో చెంచా పెట్టడమంటే లోపలికి అడుగు పెట్టినట్టు. మూత అడ్డం పెట్టుకుని తినేవాడికి ఇది అందరికంటే బాగా తెలుసు.

అలాగని మొహమాటానికో, ఉద్ధరించడానికో ఒక ముద్ద తింటే కుదరదు. దళితుల ఇళ్ళకి భోజనానికి వెళ్ళిన నాయకులు హోటలు నుంచి తెప్పించినవి తిన్న వార్తలు మనం చదివాం. కెమెరా కోసం తిన్న ఆ ముద్ద, మామ్మ గోళెంలో వేసిన అరిసెల కంటే ఎక్కువ అవమానమని నాకనిపిస్తుంది. మామ్మ కనీసం ఆమె మలుపు తిరిగేదాకా ఆగింది. తిన్నవాడికి రుచి తెలియాలి. ఇంకొంచెం వెయ్యమని అడగాలి. బంతిలో మారు అడిగించుకోవడం కంటే వండినవాళ్ళకి కావలసిందేముంది? మారు అడిగినవాడి చెయ్యి కిందే ఉంటుంది, అయినా వాడు చిన్నబోడు. శాకాహారులైన మిత్రులు దీనికి అడ్డం చెప్తారు, న్యాయమే. చేప తినమని ఎవరూ అనడం లేదు. అదే డబ్బాలో రెండో అరలో చింతపండు పచ్చడి ఉంటుంది, చాలా బాగుంటుంది. మూడేళ్ళలో దాన్ని కూడా ఎవరూ అడగలేదు.

మామ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. అరిసెల మూట తెచ్చినామె కూడా లేదు. ఆమె కూతురు శ్రీకాకుళంలో నర్సుగా పనిచేస్తోంది, ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లోనే అద్దెకుంటోంది. మా అమ్మకి ఒంట్లో బాగుండనప్పుడు వారం రోజులు సాయంత్రాలు వచ్చి ఇంజెక్షన్ చేసి వెళ్ళింది, డబ్బు తీసుకోలేదు. మొన్న సంక్రాంతికి ఒక స్టీలు డబ్బాలో అరిసెలు పంపించింది, పైఅరలో నెత్తళ్ళ వేపుడు. నేనప్పుడు ఇంట్లోనే ఉన్నాను. అమ్మ డబ్బా చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత గుమ్మంలోనే ఒక అరిసె తుంచి నోట్లో వేసుకుంది. "నువ్వులు దండిగా ఏసిందిరా" అంది. సాయంత్రానికి ఫోన్ చేసి పాకం ఎంతసేపు పట్టావని అడిగింది. నెత్తళ్ళు మాత్రం నాకూ నాన్నకీ వదిలేసింది. అమ్మకి అవి పెళ్ళికి ముందు నుంచీ పడవు.

ఖాళీ డబ్బా తిరిగి పంపకూడదు కదా. అమ్మ అందులో పనసపొట్టు కూర పెట్టి పంపింది. రెండు వారాలకి అదే డబ్బా చోడిపిండి జంతికలతో వచ్చింది. అమ్మ కొత్తావకాయ పెట్టి పంపితే, ఎండు రొయ్యల పొడి వచ్చింది. ఆ డబ్బా ప్రస్తుతం మా ఇంట్లో ఉంది. ఏం పెట్టి పంపాలో తేలడం లేదని అమ్మ నిన్న ఫోన్లో అంది. "ఆ పిల్లకి పులుపు ఎక్కువిష్టమంట. నువ్వేటంటావు?"